తాండూరు బండల మధ్య రెండంగుళాల సందుల్లో ఎత్తు పెరగని మొక్కలు ఏవి వేయాలి?

కొంపల్లి_పెరడు

ఇంటి వెనక ఖాళీలో తాండూరు బండలు పరిపించాం. వివరాలు రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

స్థలం 13 అడుగుల వెడల్పు, 15 అడుగుల 2 అంగుళాల పొడవు. రెండడుగుల చదరం బండలు 42, అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు వరసలు. మందం అంగుళంన్నర, పైన పాలిష్ లేదు, గరుకుగానే ఉంది. బండకీ బండకీ మధ్య రెండంగుళాల సందు వదిలారు. కింద మొరం, దానిమీద మూడంగుళాల డస్ట్ (క్రషర్ రాతిపొడి) కొట్టి దిమ్మిస చేశారు. కుళాయి పక్కన ఒక వరస మాత్రం పీసీసీ (సాదా కాంక్రీటు పొర) మీద మాలుతో (సిమెంటు, ఇసుక కలిపింది) కూర్చోబెట్టారు.

సగానికి కొంచెం ఎక్కువ భాగం పొద్దున పది నుంచి నాలుగు దాకా ఎండలోనే ఉంటుంది. మిగతాది వేపచెట్టు నీడ. నీళ్లు బోరువి, బకెట్లకు తెల్లటి చార పడేంత ఉప్పు. పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు, ఇంట్లో పెద్దావిడ చేతికర్రతో నడుస్తారు.

ఫొటోల్లో చూపించే క్రీపింగ్ థైమ్ (నేలమీద పాకే పూలమొక్క) విత్తనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, నీలం, ఎరుపు రంగుల్లో కూడా. తెప్పించవచ్చా? లేక లాన్ గడ్డి ముక్కలే నయమా? ఎన్ని మొక్కలు, ఎంత మట్టి కావాలి? సందుల్లో అప్పుడే తుంగ మొలుస్తోంది, గడ్డిమందు కొట్టి మొదలుపెట్టాలా? వర్షాలు పడుతున్నాయి కాబట్టి ఈ నెలలోనే వేసేద్దామని ఉంది.

---

మట్టిపెడ్డ

విత్తనాలు తెప్పించకండి. థైమ్ చలిదేశాల మొక్క. ఇంగ్లండ్‌లో బండల మధ్య చక్కగా పరుచుకుంటుంది, మన దగ్గర రెండు గండాలు దాటలేదు. మేలో బండ అంచున వేడి ఒకటి, ఆ తర్వాత జులై, ఆగస్టు తేమ ఇంకొకటి. వేసవికి బతికి బట్టకట్టినా వానాకాలంలో మొదలు కుళ్లిపోతుంది. నీలం రంగు క్రీపింగ్ థైమ్ అనేదే లేదు, ఆ ఫొటోలు రంగు మార్చినవి. ప్యాకెట్‌లో ఏ గింజలు వస్తాయో అమ్మేవాడికే తెలియాలి.

స్థలమంతా ఒకే మొక్కతో నింపాలనే ఆలోచన కూడా వదిలేయండి. మీరు చెప్పినదాంట్లో మూడు రకాల నేలలున్నాయి, మూడింటికీ వేరు మొక్కలు.

ఎండ భాగానికి బొక్కెనాకు. చెరువు గట్ల మీద, పొలం కాలవల పక్కన నేలకు కరుచుకుని పాకుతుంది, తెలుపు, లేత ఊదా కలిసిన చిన్న పూలగుత్తులు పూస్తుంది, అదే. ఎండలో, తొక్కుడులో అంగుళం, అంగుళంన్నర ఎత్తులోనే ఉంటుంది. నీళ్లు నిలిచినా చావదు, రెండు మూడు రోజులు నీళ్లు లేకున్నా చావదు, ఉప్పు నీళ్లకు కూడా తట్టుకుంటుంది. మీ బోరు నీళ్లకు దీనికంటే సరిపడే మొక్క నాకు తోచడం లేదు. నర్సరీలో అడిగితే చాలామంది లేదంటారు, కలుపు అని నవ్వుతారు కూడా. కొనాల్సిన పనే లేదు. శుభ్రమైన చోటు చూసి నాలుగైదు అంగుళాల తీగముక్కలు, ఒక్కోదానికి మూడు నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించుకోండి. మట్టితో సహా పెకిలించి తేవద్దు, ఆ పెడ్డలోనే తుంగగడ్డలూ వస్తాయి. వేరు లేని ముక్క చాలు, కణుపు దగ్గర వారం పది రోజుల్లో వేరు వేస్తుంది.

నీడ భాగానికి డ్వార్ఫ్ మోండో గ్రాస్. పేరులో గ్రాస్ ఉన్నా గడ్డి కాదు, గడ్డిలా కనిపించే దుంపజాతి మొక్క. ముదురాకుపచ్చ, రెండు మూడు అంగుళాల ఎత్తు. మామూలు మోండో ఎనిమిది, పది అంగుళాలు పెరిగి బండమీదికి వాలిపోతుంది. నర్సరీల్లో రెండూ ఒకే పేరుతో అమ్ముతారు కాబట్టి ఆకు పొడవు కొలిచి తీసుకోండి, లేత మొక్క కదా అని చెబితే నమ్మకుండా అదే వరసలోని పాత సంచి చూపించమనండి. ఎండలో పెడితే కొసలు మాడతాయి, అందుకే నీడకు మాత్రమే.

కుళాయి పక్కకు నీటి బ్రాహ్మి, అంటే సాంబ్రాణి మొక్క. ఆకు చిన్నది, దళసరి, కొస గుండ్రన. గుండ్రటి పెద్ద ఆకుతో పొడవు కాడ ఉన్నది ఇస్తే అది సరస్వతి ఆకు. నీడలో దాని కాడలు అరడుగు దాకా లేస్తాయి, సందులకు పనికిరాదు. బ్రాహ్మికి లోతు అక్కర్లేదు గానీ నేల ఎప్పుడూ తడిగా ఉండాలి.

లెక్క: మీ స్థలం మొత్తం 197 చదరపు అడుగులు, బండలు 168. అంటే సందులు 29 చదరపు అడుగులు, వరసగా పెడితే సుమారు 175 అడుగుల పొడవు. ఎండలో 90, నీడలో 60, కుళాయి దగ్గర 25 అడుగులు అనుకుందాం.

బొక్కెనాకు ఆరంగుళాలకొకటి, 180 ముక్కలు.
మోండో నాలుగంగుళాలకొకటి, 180 పిలకలు. బాగా గుబురుగా ఉన్న సంచి ఒకటి విడదీస్తే ఆరు నుంచి ఎనిమిది పిలకలు వస్తాయి, 25 నుంచి 30 సంచులు చాలు.
బ్రాహ్మి నాలుగంగుళాలకొకటి, 75 ముక్కలు.

బొక్కెనాకు వానాకాలంలో రెండు మూడు నెలల్లో కమ్ముకుంటుంది. మోండోకు ఏడాది పైనే పడుతుంది, తొందరపడితే లాభం లేదు. అప్పటిదాకా పిలకల మధ్య ఆరు ఎంఎం రాతి చిప్స్ ఒక పొర చల్లితే కలుపు తగ్గుతుంది, వాన చినుకులకు మట్టి చిట్లి బండలమీద పడదు.

---

రాయీరప్పా

మొక్కల సంగతి పైన సరిగ్గానే చెప్పారు, బండల సంగతి ఎవరూ అడగలేదు. డస్ట్ దిమ్మిస చేసిన బెడ్‌లో వేరు దిగదు. ఉన్న సందు లోతు బండ మందం అంత, అంటే అంగుళంన్నర. అందులో మట్టి పోసి మొక్క పెడితే ఏప్రిల్ కల్లా మాడిపోతుంది, తప్పు మొక్కమీదికి పోతుంది. పైనుంచి నాలుగంగుళాల లోతు కావాలి. అంటే డస్ట్‌లోకి ఇంకా రెండున్నర అంగుళాలు తవ్వాలి.

తంటా ఇక్కడే. బండ అంచు కింద డస్ట్ జారితే బండ ఊగుతుంది, మూలన కాలేస్తే రెండో మూల లేస్తుంది, ఇంకొన్నాళ్లకు పగులుతుంది. అంగుళంన్నర మందం రాయికి కింద ఖాళీ ఉంటే నిలవదు. కాబట్టి:

1. గడ్డపార వద్దు. అంగుళం వెడల్పు ఉలి, లేదా పాత ఇనుప పట్టీ కొస వంచి గోరుగా చేసుకోండి. సందు మధ్యలోనే గీరాలి, అడుగుకు పోయేకొద్దీ ఇరుకయ్యేలా, పలక అంచు కింద డస్ట్ అలాగే ఉండేలా.
2. ఒక రోజుకు ఒక వరసే. ఆ రోజు తవ్వింది ఆ రోజే మట్టితో నింపాలి. మొత్తం తవ్వి పెట్టుకుంటే రాత్రి వాన పడిందా, డస్ట్ అంతా సందులోకి దిగుతుంది.
3. మట్టిని రెండు విడతలుగా పోసి, సందులో పట్టే కర్రపట్టీతో మెత్తగా కూరండి. గట్టిగా కొడితే మళ్లీ డస్ట్ లాగే బిగుసుకుంటుంది.
4. ఇప్పటికే ఊగే బండలుంటే ముందే పైకెత్తి, అంచుల నుంచి రెండంగుళాలు లోపలికి 1:6 (సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు) పొడి మాలు వేసి మళ్లీ కూర్చోబెట్టండి. మాలు సందులోకి పొంగితే ఆరకముందే గీరెయ్యాలి. సిమెంటు ముక్క సందులో ఉండిపోతే దాని సున్నం చాలా కాలం మట్టిలోకి దిగుతూనే ఉంటుంది, చుట్టూ మొక్క పసుపెక్కుతుంది.

వాటం, అంటే నీళ్లు పారే వాలు, చూసుకున్నారా? గరుకు బండలకు ఐదడుగులకు అంగుళం ఉండాలి, మీ పదిహేను అడుగులకు మూడంగుళాలు. ఇంటి గోడ వైపు కాదు, బయటివైపు. గోడకు ఆనుకున్న సందులో మొక్క పెట్టకండి, రోజూ పోసే నీళ్లు పునాదిలోకి దిగుతాయి. అక్కడ చిప్స్ పోసి వదిలేయండి. ఆ వాటం చివర ఇంకుడు గుంత ఉంటే సందుల్లో ఇంకకుండా మిగిలిన వాన నీళ్లు అందులోకి పోతాయి.

పెద్దావిడ నడిచే దారి విషయం. రెండంగుళాల సందు చేతికర్రకు ప్రమాదమే, కర్ర అడుగున రబ్బరు బుడ్డి అంతకంటే సన్నం. గుమ్మం నుంచి కుళాయిదాకా, లేదా ఆవిడ రోజూ నడిచే వరసలో సందులకు అదే తాండూరు రాయి పట్టీలు అంగుళంన్నర వెడల్పున కోయించి పెట్టండి, పై మట్టం బండతో సమానంగా. పట్టీకి రెండు పక్కలా మిగిలే పావంగుళంలో ఇసుక. అక్కడ ఆకుపచ్చ లేకపోతే ఏం కాదు.

---

గడ్డిపరక

లాన్ గడ్డి ముక్కల గురించి అడిగారు కదా, దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయాల్సిన పని లేదు. గడ్డిని బట్టి ఉంటుంది.

గరిక జాతివి, సెలక్షన్ నంబర్ 1 లాంటివి, వద్దు. నేలలోపల కాండంతో బండ కిందనుంచి పక్క సందులోకి పోతాయి, ఎక్కడ మొదలైందో తెలియదు, పీకితే తెగి మళ్లీ వస్తాయి. నీడలో పలచబడి చస్తాయి. మెక్సికన్ గ్రాస్ అని అమ్మేది ఒక్కో నర్సరీలో ఒక్కోటి ఉంటుంది, పేరు చూసి కొనలేం.

సన్నటి సూదిలాంటి ఆకున్న కొరియన్ గ్రాస్ అయితే ఎండ భాగంలో బాగుంటుంది. నెమ్మదిగా పెరుగుతుంది, ఒత్తుగా ఉంటుంది, అరికాలికి మెత్తగా తగులుతుంది, తేనెటీగలు రావు. బొక్కెనాకులో ఆ ఇబ్బంది ఉంది, పైన రాయలేదు. పూసినప్పుడు పొద్దుటిపూట తేనెటీగలు వాలతాయి, చెప్పుల్లేని పిల్లలు తొక్కితే కుడతాయి.

కొరియన్ గ్రాస్ చాపలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. ఎండ భాగం 90 అడుగుల సందుకు 15 చదరపు అడుగులు, తరుగుతో 17 తీసుకోండి. చాప తిరగేసి అడుగు వైపునుంచి బ్రెడ్ కత్తితో రెండంగుళాల పట్టీలుగా కోయాలి, పైనుంచి కోస్తే ఆకు చెదురుతుంది. అడుగున ప్లాస్టిక్ వల ఉంటే లాగి తీసేయండి. పట్టీకి అంగుళం మట్టి ఉంటుంది కాబట్టి సందులో మట్టి ఆ మేరకు తక్కువ నింపుకోవాలి, లేకపోతే గడ్డి బండకంటే పైకి లేచి కాళ్లకు తగులుతుంది. దీని లోపం ఒకటే. కత్తిరించకుండా వదిలేస్తే బుడిపెలుగా ఉబ్బుతుంది. రెండు నెలలకోసారి కత్తెరతో అంగుళంన్నరకు దించాలి. ఒకేసారి మరీ కిందికి కోస్తే అడుగున గోధుమరంగు కాడలు బయటపడి పచ్చబడడానికి వారాలు పడుతుంది.

---

మట్టిపెడ్డ

తేనెటీగల సంగతి నిజమే. పిల్లలు తిరిగే వరసల్లో మూడు వారాలకోసారి పూలు తలలు కోసేస్తే చాలు, బొక్కెనాకు కోత ఎంతైనా తట్టుకుంటుంది. అంచుల్లో పూలు ఉంచండి, సీతాకోకచిలుకలకు మంచిది. నెమలికన్ను మచ్చలున్న నారింజ రంగు సీతాకోకచిలుక గొంగళ్లు దీని ఆకు తింటాయి. అక్కడక్కడా ఆకులు కొరికినట్టు కనిపిస్తే మందు కొట్టకండి, మొక్కకు ఏమీ కాదు.

మట్టి సంగతి మిగిలింది. నాలుగంగుళాల లోతులో పై అరంగుళం ఖాళీ వదలాలి, అప్పుడే మొక్క మొదలు పాదం కింద నలగదు, వానకు మట్టి బండమీదికి పొర్లదు. అంటే మూడున్నర అంగుళాల పూరింపు, 29 చదరపు అడుగులకు దాదాపు 240 లీటర్లు. కూరితే కుంగుతుంది కాబట్టి వదులుగా 300 లీటర్లు కలపండి. ఖాళీ సిమెంటు బస్తా నిండా 35 లీటర్లు పడుతుంది, తొమ్మిది బస్తాలన్నమాట. జల్లెడ పట్టిన ఎర్రమట్టి మూడున్నర బస్తాలు, ముతక ఇసుక మూడున్నర, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ రెండు. బస్తాలను ముందు దులిపి కడగండి.

ఇసుక రోబో శాండ్ (రాయి పిండిచేసి తీసేది) అయితే కడిగి వాడండి. అందులోని సన్నటి పొడి తడిసి ఆరితే గట్టిపడి నీళ్లను దిగనివ్వదు. నల్లరేగడి కలపకండి, ఎండకు నెర్రెలిచ్చి సందు అంచునుంచి విడిపోతుంది, పోసిన నీళ్లు ఆ నెర్రెలోంచే కిందికి పోతాయి.

తుంగ కోసం ఒక రెండు మూడు వారాలు ఓపిక పట్టండి, ఈ నెలలోనే వేసేయాలనే తొందర వద్దు. ఎర్రమట్టి లోడుతోనే తుంగగడ్డలు వస్తాయి, ఆరు ఎంఎం జల్లెడలో చాలామటుకు ఆగుతాయి. సందులు నింపాక నీళ్లు పోసి పది నుంచి పద్నాలుగు రోజులు ఊరికే వదిలేయండి. మొలిచినదాన్ని ఆకు పట్టుకు లాగకుండా స్క్రూడ్రైవర్‌తో గడ్డతో సహా తీయండి, లాగితే గడ్డ అడుగునే ఉండి మళ్లీ మొలుస్తుంది. ఒక గడ్డకు ఇంకొకటి దారంలాంటి వేరుతో గొలుసుకట్టుగా ఉంటుంది, దాన్నే వెతుక్కుంటూ పోవాలి. మరో వారం ఆగి రెండోసారి చూసి, అప్పుడు నాటండి. జులై మధ్యలో నాటినా వానలు చాలినంత ఉంటాయి. నల్ల ప్లాస్టిక్ పరిచి లాభం లేదు, తుంగ మొన దాన్ని పొడుచుకుని వస్తుంది.

గడ్డిమందు విషయానికి వస్తే, గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అదలా ఉంచి, 29 చదరపు అడుగులకు మందు ఎందుకండీ? ఓ రెండు సాయంత్రాలు కూర్చుంటే అయిపోయే పని.

---

డాలస్_పెరడు

బొక్కెనాకు ఇక్కడ టెక్సాస్‌లో స్థానిక మొక్కే, ఫ్రాగ్‌ఫ్రూట్ పేరుతో నర్సరీల్లో కుండీల్లో పెట్టి డబ్బులకు అమ్ముతారు, లాన్‌కు బదులు వేసుకునేవాళ్లు ఎక్కువవుతున్నారు. కాలిఫోర్నియాలో దీన్నుంచే తీసిన కురాపియా అనే రకం వాడతారు, జపాన్‌లో తయారైంది, విత్తనం కట్టదు. ఇక్కడ మంచు పడితే గోధుమరంగుకు తిరిగి ఎండిపోయినట్టుంటుంది, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. హైదరాబాద్‌లో ఆ బాధ లేదు.

ఒక జాగ్రత్త. ఇది సందుతో ఆగదు. బండమీదుగా పాకి, అవతల పూలమడి ఉంటే అందులో దిగి కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. మడికీ బండలకీ మధ్య ఆరంగుళాల లోతున రాయి గానీ రేకు గానీ అడ్డం పెట్టి, పైనుంచి దాటే తీగల్ని నెలకోసారి కోసేయాలి.

---

కొంపల్లి_పెరడు

చాలా ధన్యవాదాలండీ. కొన్ని సందేహాలు మిగిలాయి.

కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతారు, సబ్బునీళ్లు ఆ వరసలోకే పారతాయి. బ్రాహ్మి తట్టుకుంటుందా? అక్కడ పీసీసీ ఉంది కదా, ఏం చేయాలి? నీళ్లు ఎన్ని పోయాలి? ఇంకోటి, మొక్కలు వేస్తే పాములు, తేళ్లు చేరతాయని పెద్దావిడ భయపడుతున్నారు. పక్కింట్లో వెడీలియా వేశారు, పసుపుపూలు, త్వరగా కమ్ముకుంది. అదెందుకు ఎవరూ చెప్పలేదు?

---

రాయీరప్పా

సబ్బునీళ్లు పారే చోట మొక్క పెట్టకండి. డిటర్జెంట్‌లోని సోడా మట్టిలో పేరుకుని మట్టి మెత్తబడి బిగుసుకుంటుంది, బ్రాహ్మి నెలలోపే పసుపెక్కుతుంది. ఆ వరసలో సందులు పది ఎంఎం కంకరతో నింపేయండి, కడగడానికీ వీలు. బ్రాహ్మి పెట్టాలని గట్టిగా ఉంటే ఏసీ నీళ్లు కారే పైపు ఎక్కడుందో చూసి ఆ సందులో పెట్టండి, ఆ నీళ్లలో ఉప్పు ఉండదు.

ఎప్పుడైనా ఉతికే చోటు మార్చి పీసీసీ వరసలోనూ మొక్కలు పెట్టాలనుకుంటే, సందులో మాలును ఉలితో పూర్తిగా చెక్కి తీసేస్తే మహా అయితే రెండున్నర అంగుళాల లోతు వస్తుంది. అడుగున పీసీసీకి అడుగుకొకటి చొప్పున అంగుళం బెజ్జాలు హ్యామర్ డ్రిల్‌తో ఆరపారా కొట్టాలి, లేకపోతే అది తొట్టెలా నీళ్లు పట్టుకుంటుంది. ముక్కలూ పొడీ ఊడ్చి, రెండు మూడుసార్లు నీళ్లతో కడిగాకే మట్టి.

---

మట్టిపెడ్డ

వెడీలియా అడుగు దాకా లేస్తుంది, రెండంగుళాల సందుకు అది మొక్క కాదు, పొద. కోసిన ముక్క ఎక్కడ పడితే అక్కడ వేరు వేస్తుంది. పెద్దావిడ భయం కూడా అలాంటి పొదల విషయంలో నిజమే, గుబురు కింద ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. అంగుళంన్నర ఎత్తులో నేలకు అంటుకున్న బొక్కెనాకులో దాక్కునే చోటు లేదు. తేళ్లు దాగేది ఊగే బండల కింద, గోడవార పేర్చిన ఇటుకల కింద. బండలు సరిగ్గా కూర్చోబెట్టి, ఆ ఇటుకలు తీసేయించండి.

నీళ్లు: నాటాక మూడు వారాలు రోజూ పొద్దున్నే, వాన పడని రోజుల్లో. మొత్తం సందులకు రోజుకు ఒక బకెట్, 16 లీటర్లు సరిపోతాయి. ఏప్రిల్, మేలలో రెండు బకెట్లు. సందు చిన్నదైనా చుట్టూ వేడెక్కిన రాయి ఉంటుంది కాబట్టి మడిలో మొక్కకంటే ఎక్కువ అడుగుతుంది. పైపుతో అంతా తడిపితే ముప్పాతిక వంతు బండమీదే పోతుంది, బండలు పాచి పట్టి జారతాయి. మూతి సన్నగా ఉన్న క్యాన్‌తో సందు వెంట పోయండి. వేళ్లు దిగాక బొక్కెనాకుకు వేసవిలోనూ రోజు విడిచి రోజు చాలు, మోండోకు మాత్రం మట్టి పైన ఆరితే పోయాల్సిందే.

ఊడవడం గురించి పనిమనిషికి ముందే చెప్పండి. కొబ్బరి ఈనెల చీపురుతో ఊడిస్తే మొదటి రెండు నెలల్లో వేరు పట్టని తీగలన్నీ చీపురుకు చుట్టుకు వస్తాయి. మెత్తటి చీపురు, అదీ సందులకు అడ్డంగా కాకుండా నిలువుగా. వేపాకు రాలే రోజుల్లో మోండో మీద ఆకులు పేరుకోనివ్వకండి, కింద పిలక తడిసి కుళ్లుతుంది.

ఎరువు పెద్దగా అక్కర్లేదు. వానాకాలం మొదట్లో, చివర్లో లీటరు నీటికి రెండు గ్రాముల 19-19-19 (నీళ్లలో కరిగే ఎరువు) కలిపి మొదళ్లలో పోస్తే చాలు. యూరియా గింజలు సందులో చల్లకండి, అంత కొద్ది మట్టిలో వేరు మాడుతుంది.

తాండూరు రాయి సున్నపురాయి, మీ బోరు నీళ్లూ అదే గుణం, కాబట్టి ఏడాది రెండేళ్లలో లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా మారడం కనిపించవచ్చు. అది ఇనుము అందక. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులమీద పిచికారీ, వారం పది రోజులకు ఇంకోసారి. వేరుశనగకు కొట్టేది ఇదే.

---

రాయీరప్పా

అన్నభేది దగ్గర ఆగండి. ఆ నీళ్లు తాండూరు రాయిమీద పడి ఆరితే తుప్పురంగు మరక దిగుతుంది, మళ్లీ పోదు. బండలమీద తడి గోనె పరిచి, సందు మాత్రం తెరిచి కొట్టండి. తుంపర పడిన చోట వెంటనే నీళ్లు పోసి కడగండి. ఆ మరకను తీస్తామని బాత్రూమ్ యాసిడ్ పోస్తారు కొందరు, సున్నపురాయి బుసబుస పొంగి పైపొర తినేస్తుంది, మరక అలాగే ఉంటుంది, పక్క సందులో మొక్కలు పోతాయి. పాచికి కూడా బ్లీచింగ్ పొడి వద్దు, గట్టి బ్రష్, నీళ్లు చాలు.

---

గడ్డిపరక

ఇంకొక్క మాట, కారు ఎప్పుడైనా అటు మళ్లించే ఆలోచన ఉందా? అంగుళంన్నర బండ, కింద డస్ట్ మీద చక్రం నిలవదు. అలా ఉంటే ఇప్పుడే చెప్పండి, అప్పుడు బెడ్డే మార్చాలి.

---

కొంపల్లి_పెరడు

కారు రాదండీ, వెనకవైపు దారే లేదు. ఈ ఆదివారం ఊగే బండలు ఎత్తించి, సోమవారం నుంచి వరసకొక రోజు చొప్పున తవ్వుతాం. పెద్దావిడ దారికి పట్టీలు కోయడానికి మేస్త్రీకి చెప్పాను, నాలుగు బండలు అదనంగా మిగిలి ఉన్నాయి, వాటిలోంచే తీస్తానన్నాడు.

---

రాయీరప్పా

నాలుగు బండలు చాలు, ఒక్కోదానిలోంచి రెండడుగుల పట్టీలు పన్నెండు పైనే వస్తాయి. కోతకు తడి బ్లేడు పెట్టమనండి, అంచులు ఒకసారి రాయించమనండి, కొత్త కోత అంచు పిల్లల అరికాలిని గీస్తుంది.